అమ్మ సీన్ కుదిరింది

రాత్రి పన్నెండున్నరకి నవల రెండో డ్రాఫ్ట్ అయిపోయింది. విజయనగరంలో ఈ అద్దె గదిలో నాలుగేళ్లుగా ఉద్దానం గురించే రాస్తన్నాను, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి కూలిపోయిన మా కొబ్బరి తోట గురించి.

ఇదే కథ స్క్రీన్‌ప్లే చేద్దామంటే చెయ్యాడలేదు, నవల్లో అమ్మ బాధ మూడు పేజీలు రాసేను గానీ స్క్రీన్‌ప్లేలో పేజీకి సుమారు ఒక నిమిషం, పైగా మనసులో మాట కెమెరాకి కనబడదు కదా. అన్నీ కొట్టేసి ఒక్కటే ఉంచాను. పడిపోయిన చెట్టు పక్కన కూర్చుని అమ్మ లేత బొండాలు ఒక్కోటీ ఏరి వరసగా పెడతా ఉంటాది, కొనేవాళ్లు లేరని తెలిసినా. అది రాశాక ఏడుపొచ్చేసింది.

గురజాడ గారు 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని 1909 నాటికి దాదాపు కొత్తగా తిరగరాశారు, ఆయన బతికిన ఊళ్లోనే ఉన్నాను, మూడో డ్రాఫ్ట్‌కి నాకేటి భయం.

పొద్దున్న అమ్మకి ఫోన్ చేసి చెప్తే "రాత్రి తిన్నావా బాబూ" అంది.