పెరటి వైపు నుంచి పెన్సిల్వేనియా

అప్పట్లో పిట్స్‌బర్గ్ నుంచి హారిస్‌బర్గ్ వైపు వెళ్లే రైలు రోజుకి ఒక్కటే, పొద్దున్న ఏడున్నరకి. అది తప్పితే ఇక బస్సే గతి. 2024 నవంబర్ 15, శుక్రవారం నాడు ఏడుంపావుకల్లా స్టేషన్‌లో ఉన్నాను. బ్యాగులో ఉతకాల్సిన బట్టలు, వాటి మధ్య నలగకుండా ఒక డబ్బాలో ఇండియన్ స్టోర్‌లో కొన్న 365 వత్తుల కట్ట.

"పౌర్ణమికి ఇంట్లో ఉండాలి, అంతే. ఎలక్షన్ సంగతి మాత్రం ఎత్తకు. మీ నాన్నకీ చెప్పాను," అంది అమ్మ ఫోన్లో. ఆ హామీ మీదే బయల్దేరాను. నాన్నతో మాట్లాడి అప్పటికి తొమ్మిది రోజులు.

నాకు ఇరవై ఒకటి. 2020లో పదిహేడే కాబట్టి అధ్యక్ష ఎన్నికలో ఇదే మొదటి ఓటు. పుట్టింది న్యూజెర్సీలో, ఐదో తరగతి దాకా పెరిగింది తణుకులో, అమ్మమ్మ దగ్గర. అమ్మానాన్నల ఉద్యోగాలు కుదుటపడేదాకా అలా పంపేసిన పిల్లలు మాలో చాలామందే ఉన్నారు. అందుకే ఓటంటే నాకు గుర్తొచ్చేది అమ్మమ్మ వేలు. "ముట్టుకోకే, సిరా ఆరలేదు," అని చెయ్యి పైకెత్తి పట్టుకునేది. ఇక్కడ సిరా లేదు, సైకిలూ చెయ్యీ ఫ్యానూ ఏ గుర్తూ లేదు. కాగితం మీద పేర్లు, ఒక్కో పేరు పక్కన కోడిగుడ్డు ఆకారంలో చిన్న ఖాళీ. దాన్ని పెన్నుతో నింపాలి. ఒకప్పుడు ఎంసెట్ పిల్లలు ఓఎంఆర్ షీటు నింపినట్టు, అంచు దాటకుండా, తెల్ల చుక్క మిగలకుండా హారిస్ పక్కనున్న గుడ్డు నింపాను. బయటికొస్తే ఒక స్టిక్కర్ ఇచ్చారు. సాయంత్రానికి స్వెటర్ మీంచి ఎక్కడో ఊడిపోయింది.

పోలింగ్ ముందురోజు రాత్రి ఇద్దరూ నేను చదువుకునే పిట్స్‌బర్గ్‌లోనే ఉన్నారు. ట్రంప్ సభ డౌన్‌టౌన్‌లో హాకీ ఆడే స్టేడియంలో, హారిస్ సభ మూతపడ్డ ఉక్కు కొలిమిల దగ్గర. ఫోన్‌కి మెసేజీలు ఆగేవి కావు. పెన్సిల్వేనియా ఎటు తిరిగితే దేశం అటు తిరుగుతుందని అందరూ అనేవారు. పోలింగ్ రాత్రి రెండు దాటాక అది ట్రంప్‌కే తిరిగింది. అధ్యక్షుణ్ణి తేల్చే ఎలక్టోరల్ ఓట్లు ఈ రాష్ట్రానికి 19. డెబ్బై లక్షల పైచిలుకు ఓట్లలో తేడా దాదాపు లక్షా ఇరవై వేలు.

నాకు ఏడుపు రాలేదు. ఒక జబ్బు మాత్రం పట్టుకుంది. బస్సెక్కితే ఎదురుగా కూర్చున్నవాళ్లని లెక్కపెట్టేదాన్ని. ఇద్దరిలో ఒకరు అటు. ఎవరు? డ్రైవరా? చెవిపోగుల అబ్బాయా? చేతిసంచిలో ఉల్లికాడలు పెట్టుకున్న ముసలావిడా? ఇదివరకు మనుషులుగా కనిపించినవాళ్లు ఇప్పుడు సగాలుగా కనిపించడం మొదలైంది. చెప్పుకుంటే సిగ్గుగానే ఉంటుంది, కానీ ఆ వారమంతా అంతే.

పైగా ఆరో తారీఖు పొద్దున్నే అమ్మమ్మ ఫోన్. అక్కడ సాయంత్రం. "ఏమే, మన వడ్లూరు అల్లుడు గెలిచాడటగా! ఊళ్లో సంబరాలు చేస్తున్నారు, టీవీలో చూపించారు." ట్రంప్‌తో ఉపాధ్యక్షుడిగా గెలిచిన వాన్స్ భార్య ఉష పూర్వీకులది తణుకు పక్క వడ్లూరు. అమ్మమ్మకి ట్రంపూ హారిసూ కాదు, వడ్లూరు ముఖ్యం. హారిస్ తాతగారి ఊరు తులసేంద్రపురంలో తమిళులూ ఆవిడ కోసం గుళ్లో పూజలు చేయించారు కదా, ఇదీ అదే. "నువ్వు ఎవరికేశావే?" అంది. చెప్పాను. "పోన్లే," అంది, పప్పులో ఉప్పు ఎక్కువైందంటే అన్నట్టు.

నాన్న మాత్రం ఫ్యామిలీ గ్రూపులో టపాసుల బొమ్మ పెట్టాడు. ఒక్క బొమ్మ. దాన్ని నేను తొమ్మిది రోజులు మోశాను.

రైలు కదిలాక కిటికీ దగ్గర కూర్చుని పాత అలవాటు ప్రకారం లెక్క మొదలెట్టాను. గ్రీన్స్‌బర్గ్, లాట్రోబ్. ఎన్నికల బోర్డులు ఇంకా తీసి ఉండరు, ఏ ఇల్లు ఎటో చూద్దామని. అరగంటకి అర్థమైంది, ఒక్కటీ కనిపించడం లేదు. బోర్డులు వాకిట్లో ఉంటాయి, రోడ్డు వైపు. రైలు పట్టాలు ఇళ్ల వెనక నుంచి పోతాయి. నాకు కనిపించేవన్నీ పెరళ్లే. చక్రం ఊడిన పిల్లల సైకిల్, టార్పాలిన్ కప్పిన గ్రిల్, పేర్చిన కట్టెలు, మంచుకి నల్లబడ్డ టమాటా మొక్కలు. ఒకాయన లుంగీలాంటి గళ్ల పైజామాలో బయటికొచ్చి చెత్త డబ్బా మూత వేసి, రైలు వంక చూసి, లోపలికి పోయాడు. ఆయన ఎటు వేశాడు? పెరట్లో ఎవరూ రాసిపెట్టుకోరు.

జాన్స్‌టౌన్ దగ్గర లోయ ఇరుకవుతుంది. తుప్పు రంగు షెడ్లు, అద్దాలు పగిలిన కిటికీలు. 1889లో పైనున్న ఆనకట్ట తెగి 2,200 మందికి పైగా ప్రాణాలు పోయిన ఊరు, ఆ తర్వాత ఉక్కు మీద బతికిన ఊరు, ఉక్కు పోయాక మిగిలిన ఊరు. ఈ ఎన్నికలకి ట్రంపూ వచ్చాడు, హారిసూ వచ్చింది ఇక్కడికి. కౌంటీ మాత్రం భారీ తేడాతో ట్రంప్‌కి వేసింది. హాస్టల్ గదిలో కూర్చుని "ఎందుకు వేశారు వీళ్లు" అని తేలిగ్గా అనేశాను గానీ, ఆ షెడ్ల పక్కనుంచి పోతుంటే ఆ ప్రశ్న గట్టిగా అడగబుద్ధి కాలేదు. నా ఓటు మారేది కాదనుకోండి, అది వేరే సంగతి.

గాలిట్జిన్ సొరంగం దాటాక హార్స్‌షూ కర్వ్. కొండ నిటారుగా ఉండడంతో పట్టాల్ని గుర్రపు నాడాలా వంచి దింపారు. వెనక పెట్టెల్లో కూర్చుంటే మన రైలు ఇంజనే ఎదురుగా వస్తున్నట్టు కనిపిస్తుంది. 1854 నాటి పని, ఎక్కువమంది ఐరిష్ కూలీలు గునపాలతో తవ్వింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఐరిష్ వాళ్లు దేశాన్ని పాడుచేస్తున్నారని ఓట్లు అడిగిన పార్టీ కూడా ఒకటుండేది.

అల్టూనా దాటాక కాఫీకి కేఫ్ పెట్టెలోకి వెళ్లాను. అక్కడ ఏడెనిమిది మంది గట్టిగా మాట్లాడుకుంటున్నారు. వచ్చిందిరా గొడవ అనుకున్నాను. తీరా వింటే ఫుట్‌బాల్, అమెరికన్‌ది. ముందురోజు రాత్రి ఫిలడెల్ఫియా ఈగిల్స్ 26-18తో వాషింగ్టన్‌ని ఓడించింది. అంతకుముందు ఆదివారం మా పిట్స్‌బర్గ్ స్టీలర్స్ కూడా ఒక్క పాయింటు తేడాతో వాషింగ్టన్‌నే ఓడించింది. ఈ రెండు ఊళ్ల అభిమానులకి అసలు పడదు. అయినా కాఫీ పోస్తున్నావిడ "ఒక్క వారంలో వాషింగ్టన్‌ని రెండుసార్లు ఓడించాం, ఈ రాష్ట్రంలో అందరూ ఒప్పుకునేది ఇదొక్కటే," అనేసరికి పెట్టె మొత్తం నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. కాఫీ మాత్రం నీళ్లు.

హారిస్‌బర్గ్ ముందు సస్క్వెహానా నది మీద రాక్‌విల్ వంతెన. 1902 నాటిది, 48 రాతి కమానులు. ఆ సారి వర్షాల్లేక నదిలో రాళ్లు తేలి ఉన్నాయి. నదికి తూర్పున డాఫిన్ కౌంటీ హారిస్‌ది, పడమటి గట్టున మా మెకానిక్స్‌బర్గ్ ఉన్న కంబర్లండ్ కౌంటీ ట్రంప్‌ది. ఒకప్పుడు బళ్లు బాగుచేసే మెకానిక్‌ల వల్ల వచ్చిందట ఆ పేరు. ఇప్పుడు మా వీధి నిండా స్టేట్ గవర్నమెంట్ కాంట్రాక్టుల్లో ఉన్న మన ఐటీ వాళ్లే.

నాన్న స్టేషన్ బయట కారు ఆపుకుని ఉన్నాడు. బ్యాగు అందుకున్నాడు.

"తిన్నావా అమ్మడూ?"

"ఊఁ."

కారెక్కగానే రేడియో వార్తలు కట్టేశాడు. రెండు సిగ్నళ్లు దాటాక, "గ్యాస్ ఇంకా మూడు డాలర్ల పైనే ఉంది," అన్నాడు. ఇక్కడ పెట్రోల్‌ని గ్యాసంటారు.

"అమ్మ ఎత్తొద్దంది."

"నేనేం ఎత్తాను? గ్యాస్ రేటు చెప్పాను."

నాన్న వాదన నాకు కంఠతా వచ్చు. గ్రీన్‌కార్డుకి పదకొండేళ్లు లైన్లో నిలబడ్డాడు, జాబు మారడానికి భయపడుతూ, తాతయ్య పోయినప్పుడు మళ్లీ వీసా స్టాంపు పడదేమోనన్న భయంతో వెళ్లకుండా. "మేం లైన్లో వచ్చాం, మిగతావాళ్లూ లైన్లోనే రావాలి." ఇందులో నాకు తప్పు కనిపించదు. లైను మాట ఎత్తి ఓటు అడిగేవాళ్లు ఆ లైనుని పొట్టి చేస్తారని నమ్మడం దగ్గరే మాకు తేడా. ఇది రాసేనాటికి ఇంకో ముచ్చట కలిసింది. 2025 జనవరి 20న ట్రంప్ సంతకం చేసిన ఉత్తర్వు ప్రకారమైతే, తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే, ఇక్కడ పుట్టిన బిడ్డ పౌరురాలు కాదు. పాత పుట్టుకలకి వర్తించదు, పైగా కోర్టులకెక్కింది. కానీ నేను పుట్టినప్పుడు మా అమ్మానాన్నా ఇద్దరూ వీసాల మీదే ఉన్నారు. ఆ వార్త నేను గ్రూపులో పెట్టాను. నాన్న ఏ బొమ్మా పెట్టలేదు.

ఆ రోజు కార్లో మాత్రం అవేవీ లేవు. "అమ్మ ఎవరికేసింది?" అనడిగాను.

"నాకు చెప్తుందా?" అన్నాడు నాన్న, నిజంగానే దిగులుగా.

సాయంత్రం పెరట్లో తులసి కుండీ ముందు అమ్మ ముగ్గు పెట్టింది. పొద్దుట్నుంచి ఉపవాసం, మొహం వాడిపోయి ఉంది. వత్తుల కట్ట నెయ్యి పీల్చుకుని ప్రమిదలో ఉంది. ఒకటే గాలి. రెండు పుల్లలు గీసింది, రెండూ ఆరిపోయాయి.

"ఏవండీ, ఏదైనా అట్టముక్క అడ్డం పెట్టండి!"

నాన్న గరాజ్‌లోకి పోయి చేతికి దొరికింది పట్టుకొచ్చాడు. సెప్టెంబర్‌లో నేను తెచ్చి వాకిట్లో పాతుతానంటే, హెచ్‌ఓఏ, అంటే కాలనీ సంఘం వాళ్లు ఊరుకోరని ఆయనే గరాజ్‌లో పడేసిన బోర్డు. హారిస్, ఆవిడతో ఉపాధ్యక్షుడికి నిలబడ్డ వాల్జ్ పేర్లు, రెండు వైపులా అచ్చు. గొంతుక్కూర్చుని గాలికి అడ్డంగా రెండు చేతులా పట్టుకున్నాడు.

"పక్కింటాయన చూస్తాడు నాన్నా," అన్నాను.

"చూడనీ. ఇప్పుడు కదిలితే మీ అమ్మ ఊరుకోదు."

మూడో పుల్లకి కట్ట అంటుకుంది. మంట ఒక్కసారిగా లేచింది.

"అంత దగ్గరగా పెట్టకండి, ప్లాస్టిక్‌ది, కరుగుతుంది," అంది అమ్మ.