సీజ్ అయిన డబ్బు తిరిగొచ్చింది: నా అనుభవం

నిన్న సాయంత్రం నా రూ.1,38,000 తిరిగి నా చేతికొచ్చింది. తొమ్మిది రోజులు సరిగ్గా నిద్రపోలేదు. ఎవరికైనా పనికొస్తుందని వెంటనే రాస్తున్నాను.

నేను ట్రాక్టర్ మెకానిక్‌ని. లోక్‌సభ ఎన్నికల కోడ్ 2024 మార్చి 16 నుంచి ఉందని తెలుసు. రూ.50,000 దాటి నగదు ఉంటే కాగితాలు చూపాలనీ తెలుసు. రైతులు బాకీలు కట్టగానే స్పేర్ పార్టుల కోసం సిటీకి బయల్దేరాను, బిల్లుబుక్కు షెడ్డులోనే ఉండిపోయింది. చెక్‌పోస్టులో ఆపారు, లెక్కపెట్టారు, వీడియో తీశారు, రశీదు ఇచ్చారు.

ఊళ్లో అందరిదీ ఒకటే మాట: "జప్తయింది, ఇక రాదులే." మా షెడ్డులో సీజ్ అంటే ఆయిల్ లేక ఇంజిన్ పట్టేయడం. అది విప్పి, బోరు చేయించి, పిస్టన్లు మారిస్తే మళ్లీ తిరుగుతుంది. డబ్బు సంగతి అలా కాదేమోనని భయం పట్టుకుంది.

కలెక్టరేట్ దగ్గర డీటీపీ కుర్రాడు రశీదు చూసి ఇంగ్లిష్‌లో దరఖాస్తు కొట్టిచ్చాడు. లోపల గుమాస్తా దాన్ని పైకి చదివాడు. "సీ ఈ ఏ ఎస్ ఈ డీ. సీస్డ్ అంటే ఆగిపోవడం. నీ డబ్బు ఆగిపోయిందా? స్పెల్లింగ్ రానోడికి ఇంత డబ్బెక్కడిదయ్యా?" వరండాలో పదిహేను మంది ఉన్నారు. ఇద్దరు నవ్వారు. రశీదులో అలాగే ఉంది సార్ అని చూపించాను. చూశాడు. తప్పు తమ వాళ్లదేనని తెలిసింది, మొహంలో కనపడింది. అయినా ఒక్క మాట అనలేదు. కాగితం బల్ల మీదికి విసిరి "రేపు రాసుకురా పో" అన్నాడు. ఇరవై రెండేళ్లు నూనె చేతులతో సంపాదించినవాణ్ణి, దొంగలా బయటికొచ్చాను. ఆ పూట అన్నం సహించలేదు.

రాత్రి మా అమ్మాయి డిక్షనరీ తీసి చూపించింది. ఎస్ ఈ ఐ జెడ్ ఈ, అదీ అసలు సీజ్. పట్టుకుని తమ దగ్గర పెట్టుకోవడం. శాశ్వతంగా లాక్కుంటే కాన్ఫిస్కేట్ అంటారు. మనం రెండింటినీ జప్తు అనేస్తాం, అందుకే ఆశ వదిలేసుకుంటాం. అవకాశాన్ని అందిపుచ్చుకోవడానికీ ఇంగ్లిష్‌లో ఈ సీజ్ మాటేనట. నన్ను పట్టుకున్న భయానికీ అదేనట.

మర్నాడు నేనే తెలుగులో రాశాను, 'స్వాధీనం చేసుకున్న నగదు' అని. తెలుగు మన రాష్ట్ర అధికార భాష, అందులో రాసిస్తే కాదనే హక్కు ఎవరికీ లేదు. దయచేసి ఇంగ్లిష్ కోసం డబ్బులిచ్చి రాయించకండి.

ఆ తర్వాత అంతా సులువే. ట్రెజరీ అధికారి సహా ముగ్గురు అధికారుల కమిటీ బిల్లుబుక్కు, రైతుల సంతకాలు చూసింది. ఏ పార్టీతోనూ, అభ్యర్థితోనూ సంబంధం లేదని తేల్చి విడుదల చేసింది. రూ.10 లక్షలు దాటితేనే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకు చెబుతారు. కేసు లేకపోతే పోలింగ్ అయిన ఏడు రోజులకు మించి ఉంచుకోకూడదు కూడా. రశీదు లేకుండా మాత్రం చెక్‌పోస్టు నుంచి కదలొద్దు, అక్కడే చదివించుకోండి.

విడుదల ఆర్డరు ఇంగ్లిష్‌లో ఇచ్చారు. ఇంటికొచ్చి మా అమ్మాయితో ఆ ఒక్క మాట చదివించాను. ఎస్ ఈ ఐ జెడ్ ఈ డీ. సరిగ్గానే ఉంది.