ఫ్రేము గోల

"మేడమ్, ప్రాబ్లమ్ మీది కాదు, మీ ఫ్రేముది."

నా సైకిల్ని చూసి ఓ పెద్దమనిషి అన్న ఈ ఒక్క ముక్క పొద్దుటి నుంచి చెవిలో జోరీగలా తిరుగుతోంది. పోపు వేస్తున్నా అదే, చిన్నదాని లెక్కల హోంవర్క్ చూస్తున్నా అదే. పదకొండు దాటింది, నిద్ర రావట్లేదు. ఇక్కడ కక్కేసి పడుకుందామని కూర్చున్నా.

హైదరాబాదులో ఖాజాగూడ గుట్టల మీద ఆదివారం పొద్దున ఎవరెవరుంటారో మీకు తెలుసు. తాళ్లు కట్టుకుని రాళ్లెక్కే పిల్లలు, ఫొటోల బ్యాచ్, కుక్కల్ని తిప్పేవాళ్లు, ఓ మూల ట్రయల్స్ నేర్చుకుంటూ నేను. ట్రయల్స్ అంటే కాలు కింద పెట్టకుండా సైకిల్ మీదే బండలూ అడ్డంకులూ ఎక్కే ఆట. నా మోకాలెత్తు బండ మీద ముందు చక్రం ఆనించి, వెనక చక్రాన్ని పైకి లాక్కోవాలని తంటాలు పడుతుంటే ఆ పెద్దమనిషి వచ్చాడు. ఖరీదైన జెర్సీ, నల్ల కళ్లద్దాలు. నన్ను అడగను కూడా అడగకుండా హ్యాండిల్ పట్టుకుని, ముందు చక్రం ఒంటి చేత్తో లేపి కింద పడేశాడు. "13 కిలోలు పైనే ఉంటుంది. దీంతో ట్రయల్స్ ఏంటి మేడమ్?" అని మొదలుపెట్టి, ఫ్రేము జామెట్రీ మీద, అంటే దాని కొలతలూ కోణాల మీద, పెద్ద క్లాసు పీకాడు. ఈ సైకిల్ని నట్టు నట్టూ విప్పి మళ్లీ బిగించింది నేనే అని ఆయనకి తెలియదు, సరే. నేను ఆ బండ ఎక్కలేకపోవడం ఆయన చూసింది మహా అయితే రెండు మూడు సార్లు. అంతలోనే జబ్బేంటో తేల్చేశాడు, మందు చీటీ కూడా రాసేశాడు.

అదే చోట మగపిల్లలు పడితే "ఇంకోసారి బ్రో, వచ్చేసింది" అంటారు. నేను పడితే సామాను మార్చమంటారు. నా ఒళ్లు మండింది దీనికే. మీరు ఇంకా నేర్చుకోవాలి అన్నా పడేదాన్ని. నేర్చుకోగలదు అన్న నమ్మకం ఉంటేనే కదా ఎవరైనా ఆ మాటంటారు.

పైగా ట్రయల్స్‌లో పేరుమోసిన డానీ మెకాస్కిల్ పేరు తీశాడు. ఆయన వాడే ఫ్రేము చూశారా అట. చూశానండీ. 2009లో ఎడిన్‌బరోలో ఇనప కంచె అంచు మీద సైకిల్ నడిపిన ఆయన వీడియో చూశాకే కదా నాకు ఈ పిచ్చి పట్టింది. అప్పటికి ఆయన అక్కడ సైకిల్ షాపులో మెకానిక్. స్కాట్లండ్‌లోని స్కై దీవిలో పుట్టి, చిన్నప్పటి నుంచీ సైకిల్ మీదే పెరిగినవాడు. ఆ ఏళ్లన్నీ ఏ ఫ్రేములో వేసి అమ్ముతారో ఆ పెద్దమనిషి చెప్పలేదు.

అలాగని ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు, అదీ బాధ. నాది మామూలు 26 అంగుళాల పాత మౌంటెన్ బైకు. గేర్లు పీకేసి, సీటు అడుక్కి దించేసి వాడుతున్నా. దీంట్లో పెడల్ ఇరుసు, రెండు చక్రాల ఇరుసుల్ని కలిపే గీతకి కిందుగా ఉంటుంది. ట్రయల్స్ ఫ్రేములో అది ఆ గీతకి కొన్ని సెంటీమీటర్లు పైన ఉంటుంది. వెనక భాగం కూడా పొట్టి. పెడల్ ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసుకి నాదాంట్లో 42 సెంటీమీటర్లు, వాటిల్లో దాదాపు 38. అందుకే వెనక చక్రం మీద నిలబడి గెంతడం వాటి మీద చాలా తేలిక. పోటీల ఫ్రేములకైతే సీటు పెట్టే చోటే ఉండదు.

కానీ నేను వెనక చక్రం మీద గెంతే స్టేజీలో ఉన్నానా? కదలకుండా నిలబడటం, ముందు చక్రం చెప్పినచోట పెట్టడం, వెనక చక్రం దాని వెంట తేవడం, ఇంకా ఇవే నడుస్తున్నాయి. వీటికి ఏ ఫ్రేమైనా ఒకటే. కదలకుండా నిలబడటానికైతే పెడల్ కిందుగా ఉంటేనే కుదురు.

నన్ను ఆపుతున్నది వెనక హబ్బు, అంటే చక్రం నడిమధ్య ఇరుసు చుట్టూ తిరిగే భాగం. పెడల్ తొక్కినప్పుడు అది పట్టుకునే చోట్లని క్లిక్కులంటారు, నాదానికి ఒక చుట్టుకి 18. 360ని 18తో భాగించండి, 20 డిగ్రీలు. అంటే పెడల్ని ఒక్క తన్ను తన్ని ఎగరాల్సిన క్షణంలో వెనక పళ్లచక్రం ఒక్కోసారి 20 డిగ్రీల దాకా ఖాళీగా తిరిగి, అప్పుడు టక్కున పట్టుకుంటుంది. అప్పటికి ఊపు పోతుంది, నడుము కలుక్కుమంటుంది. 72 క్లిక్కులదైతే 5 డిగ్రీలు, ట్రయల్స్ వాళ్లు వాడే 108ది అయితే మూడు డిగ్రీల పైచిలుకు. ముందు చక్రం ఎత్తి చూసే పెద్దమనుషులకి వెనక హబ్బు తిప్పి వినాలని ఎందుకు తోచదో! బ్రేకు సంగతి ఇంకోటి. ట్రయల్స్ వాళ్లు రిమ్ముని గ్రైండర్‌తో గీకి గరుకు చేసి మరీ బ్రేకు పట్టిస్తారు, చక్రం వెంట్రుకవాసి కూడా జారకూడదని. నాది సగం సార్లు జారుతుంది.

ఆయన వెళ్లిపోయాక బండ ఎక్కేశా. ఎవరూ చూళ్లేదు.

కాబట్టి ఫ్రేము మార్చను, హబ్బు మారుస్తా, బ్రేకు మారుస్తా అని ఇంటికొచ్చి ప్రకటించేశా కూడా. ఈయన సరే అన్నాడు. ఆ ఊపులో సాయంత్రం సైకిల్ కడగడానికి బాల్కనీలో పెట్టా. అక్కడ కనబడింది. హ్యాండిల్ కింది గొట్టానికి ఏటవాలు గొట్టం అతుక్కునే చోట, వెల్డింగు అంచునే సన్న గీత. బియ్యపు గింజంత పొడుగు. గుడ్డతో తుడిచినా పోలేదు. ఫోను లైటు పక్క నుంచి వేసి చూస్తే నీడ పడినట్టే ఉంది, ఎదురుగా వేస్తే మాయం. గోరు తగిలితే పగులు, తగలకపోతే పెయింటు అంటారు. నా గోరు ఒకసారి తగిలింది, ఇంకోసారి తగల్లేదు. గీత రెండు చివర్లా మార్కర్‌తో చుక్కలు పెట్టి పక్కన తేదీ వేశా.

అప్పటి నుంచి నాన్న సైకిలే కళ్లముందు.

నా పాత పోస్టులు చదివినవాళ్లు తిట్టుకోకండి, మళ్లీ అదే సైకిల్. రేపల్లెలో మిల్లు నుంచి బియ్యం బస్తా క్యారియర్‌కి కట్టుకుని వస్తుంటే రైలు గేటు దగ్గర హ్యాండిల్ కింద టప్పుమంది. నేను బార్ మీద కూర్చుని ఉన్నా. నాన్న కాళ్లు రెండూ కింద ఆనించి, ముందు నన్ను దించి, తర్వాత బస్తా దించి, ఆ తర్వాత చూశాడు ఏమైందో. గొట్టం మూతి దగ్గర చుట్టూ సగం దాకా చీలింది. బస్తా కిళ్లీకొట్టు అరుగు మీద పెట్టి, సైకిల్ నడిపించుకుంటూ బస్టాండు పక్కన గ్యాస్ వెల్డింగ్ బాబాయ్ దగ్గరికి పోయాం.

ఆ బాబాయ్ మొదట తిట్టాడు. సైకిల్ అనుకున్నావా, లారీ అనుకున్నావా మాస్టారూ అని. తర్వాత పెయింటు గీకి, నీలం మంట పెట్టాడు. నాకో నల్ల అద్దం ఇచ్చి, దీంట్లోంచే చూడమ్మాయ్ అన్నాడు. కాలిన ఇత్తడి కడ్డీని వెలిగారం డబ్బాలో ముంచితే తెల్లపొడి అంటుకునేది. దాన్ని తెచ్చి ఎర్రబడ్డ చోట ఆనించగానే ఇత్తడి కరిగి, ఎవరూ తోయకుండానే సందులోకి దిగిపోయింది. నాన్న తొందరపడి చెంబు అందుకోబోతే "నీళ్లు కొట్టమాక, దానంతటదే చల్లారాల" అని గసిరాడు. చల్లారేదాకా ఇద్దరూ డబ్బుల దగ్గర బేరమాడుకున్నారు. తర్వాత నల్ల ఎనామిల్ పూశాడు. రంగు కింద బొడిపె మాత్రం అలాగే ఉండిపోయింది. బార్ మీద కూర్చున్నప్పుడల్లా బొటనవేలు దాని మీదే ఉండేది నాకు. నేను ఇంటర్‌కి వచ్చేదాకా ఆ సైకిలే, ఆ బొడిపె దగ్గర మళ్లీ విరగలేదు.

అది స్టీలు. నాది అల్యూమినియం. స్టీలు ఒక హద్దులోపు బరువుని ఎన్నిసార్లయినా ఓర్చుకుంటుంది. అల్యూమినియంకి ఆ హద్దే లేదు, చిన్న దెబ్బల్ని కూడా లెక్కేసుకుంటూ పోయి ఒకరోజు పగుల్తుంది. దాన్ని వీధిలో అతికించినా లాభం లేదు. వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల లోహం మెత్తబడుతుంది. బలం తిరిగి రావాలంటే మామూలుగా ఫ్రేము మొత్తాన్ని 500 డిగ్రీలు దాటిన కొలిమిలో పెట్టి, చటుక్కున చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిలో గంటల తరబడి ఉంచాలి. ఆ పని ఏ బస్టాండు పక్కన చేస్తారు?

పొద్దున ఆ పెద్దమనిషి మీద కోపంతో ఫ్రేము మార్చనే మార్చనన్నా. ఇప్పుడు ఆ పంతం ఎక్కడికి పోయిందో. మంచి ఫ్రేము కొంటే నేను బండలెక్కేస్తానని ఇప్పటికీ నమ్మను. కానీ హ్యాండిల్ దగ్గర విరిగితే మొహమే ముందు నేలకి తగిలేది. చిన్నది బాల్కనీ తలుపు దగ్గర నిలబడి "అమ్మా, పళ్లూడతాయా?" అని అడిగింది, ఉత్సాహంగానే.

ఈయన ఫ్యాక్టరీలో వెల్డింగులు చెక్ చేసే స్ప్రే డబ్బాలు ఉంటాయట, రేపు తెస్తానన్నాడు. పెయింటు గీకి, ఎర్ర రంగు కొట్టి, కాసేపు ఆగి తుడిచేసి, పైన తెల్లది కొడితే, పగులుంటే ఎర్ర గీత పైకి తేలుతుందట. తేలిందా, డిసెంబరులో మరిది బర్మింగ్‌హామ్ నుంచి వచ్చేటప్పుడు అట్టపెట్టెలో ఒక ఫ్రేము మోసుకొస్తాడు. కస్టమ్స్ వాళ్లకి ఆ పెట్టె గురించి వాడే చెప్పుకోవాలి. పోటీలది వద్దు, సీటు ఉండే వీధి ట్రయల్స్‌ది చాలు. తేలకపోతే ఇదే.

హబ్బు మాత్రం రేపే ఆర్డరు పెట్టేస్తా. 135 మిల్లీమీటర్ల వెడల్పుదే, 26 అంగుళాల ట్రయల్స్ ఫ్రేముల్లో చాలావాటికి పడుతుంది. డబ్బులు దండగ అని ఈయన అనకముందే ఈ ముక్క చెప్పాలి.