నెట్ పార్ట్-సీలో నానోకణాల ప్రశ్న: నేను చదివిన తీరు

సీఎస్‌ఐఆర్ నెట్ (పరిశోధన ఫెలోషిప్, లెక్చరర్ అర్హత పరీక్ష) లైఫ్ సైన్సెస్‌కి చదువుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మొదటిసారి నన్ను దెబ్బతీసింది పార్ట్-సీ. 75 ప్రశ్నల్లో 25 రాయాలి, ఒక్కోదానికి 4 మార్కులు, తప్పు రాస్తే ఒక మార్కు కోత. నానోకణాలను (నానోమీటర్లలో కొలిచే అతి చిన్న రేణువులను) ఇమ్యూన్ కణాలు, అంటే రోగనిరోధక జీవకణాలు, ఎలా లోపలికి తీసుకుంటాయన్న ప్రశ్న కనబడితే టెన్షన్‌తో వదిలేసేదాన్ని. ఫాగోసైటోసిస్, మాక్రోపినోసైటోసిస్, క్లాథ్రిన్, కేవియోలే అని ఆ లోపలికెళ్లే దారుల పేర్లన్నీ కంఠతా వచ్చు. ప్రయోగం ఇచ్చి ఫలితం చెప్పమంటే మాత్రం ఏమీ తోచేది కాదు.

రెండోసారి పేర్లు పక్కన పెట్టాను. ఒక లైపోసోమ్‌ను (మందు మోసే కొవ్వు పొర బుడగను) సిరలోకి ఎక్కించామనుకుని దాని వెంటే వెళ్లాను. రక్తంలో పడగానే దాని మీద ప్రోటీన్లు పేరుకుంటాయి, అదే ప్రోటీన్ కరోనా. బయటివాటిని మింగేసే ఇమ్యూన్ కణమైన మాక్రోఫేజ్‌కి తగిలేది ముందుగా ఈ పొరే. అందులో ఐజీజీ అనే యాంటీబాడీ ఉంటే మాక్రోఫేజ్ మీది ఎఫ్‌సీ రిసెప్టర్లు, కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్లలో ఒకటైన సీ3 ముక్కలుంటే కాంప్లిమెంట్ రిసెప్టర్లు పట్టుకుంటాయి. కాలేయంలో కుప్ఫర్ కణాలు (అక్కడి మాక్రోఫేజ్‌లు), ప్లీహంలో మాక్రోఫేజ్‌లు చాలావరకు అక్కడే లాగేసుకుంటాయి. ఇది అర్థమయ్యాక 1995లో అమెరికాలో అనుమతి వచ్చిన డాక్సిల్‌కి (లైపోసోమ్‌లో నింపిన క్యాన్సర్ మందు) పీఈజీ అనే పాలిమర్ తొడుగు ఎందుకు వేశారో ఎవరూ చెప్పక్కర్లేదు: ప్రోటీన్లు తక్కువగా అంటుకుని, మాక్రోఫేజ్‌లు త్వరగా పట్టుకోకుండా. ఆ తొడుగుకే వ్యతిరేకంగా ఒంట్లో యాంటీబాడీలు పుడితే రెండో డోసు రక్తంలోంచి త్వరగా పోతుంది. ఈ పాయింట్ మాత్రం వదలకండి.

ఇన్హిబిటర్లు, అంటే ఒక్కో దారిని అడ్డుకునే రసాయనాలు, ఎక్కువేం లేవు. యాక్టిన్‌కి (కణం ఆకారం మార్చుకోవడానికి వాడే ప్రోటీన్ పోగులకు) సైటోకాలసిన్-డి, క్లాథ్రిన్‌కి క్లోర్‌ప్రోమజైన్, మాక్రోపినోసైటోసిస్‌కి అమిలోరైడ్. ఒక్క సాయంత్రం చాలు.

నేను పదేపదే తప్పు చేసింది 4 డిగ్రీల సెల్సియస్ ప్రయోగం దగ్గర, అంటే వెలిగే రంగు తగిలించిన నానోకణాలను ఆ చలిలో జీవకణాలతో కలిపి చూసేది. ఆ చలిలో కణం లోపలికి తీసుకోవడం దాదాపు ఆగిపోతుంది కాబట్టి ఫ్లోరెసెన్స్ (ఆ రంగు వెలుగు) సున్నా అని రాసేదాన్ని. ల్యాబ్‌లో పనిచేసే మా సీనియర్ అక్క తన ఫ్లో సైటోమెట్రీ (ఒక్కో కణం వెలుగును కొలిచే పద్ధతి) గ్రాఫులు ముందు పెట్టి చూపించింది: లోపలికి వెళ్లకపోయినా నానోకణాలు జీవకణం పొర మీద అంటుకునే ఉంటాయి, అందుకే సిగ్నల్ కొంత వస్తుంది. ట్రిపాన్ బ్లూ అనే రంగు కలిపితే బయటున్న ఎఫ్ఐటీసీ (నానోకణాలకు తగిలించిన వెలిగే రంగు) వెలుగు ఆరిపోతుంది. అప్పుడు మిగిలిందే లోపలికి వెళ్లినది. అక్కడ కూడా జాగ్రత్త, లైసోసోమ్ (కణం లోపలి జీర్ణ సంచి) ఆమ్లంలో ఎఫ్ఐటీసీ మసకబారుతుంది కాబట్టి లోపలున్నదాన్ని తక్కువగా లెక్కేసే ప్రమాదం ఉంది.