డాట్ ప్రొఫైల్‌లో ఒక్క లైను

దొరికింది, నా లైనక్స్ కంప్యూటర్ ఎందుకు నత్తనడక నడుస్తోందో. పన్నెండున్నర దాటింది, ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు, చెప్పుకోవడానికి మీరే దిక్కు.

నా హోమ్ ఫోల్డర్‌లో, లాగిన్ అయినప్పుడల్లా కంప్యూటర్ చదివే సెట్టింగుల ఫైలు డాట్ ప్రొఫైల్ అడుగున, ఒక్క లైను. ‘లిబ్‌జీఎల్ ఆల్వేస్ సాఫ్ట్‌వేర్’ అనే వేరియబుల్‌కి విలువ 1. గ్రాఫిక్స్ కార్డు జోలికి వెళ్ళకు, తెరమీద ఏది గీయాలన్నా ప్రాసెసర్‌తోనే గీయించు అని మీసాకి, అంటే లైనక్స్‌లో గ్రాఫిక్స్ పని చూసే లైబ్రరీకి, చెప్పే మాట అది. దానిపైన కామెంటు కూడా ఉంది: ‘తాత్కాలికం, తర్వాత తీసెయ్యాలి’. రాసింది నేనే. ఈ ఇంట్లో ఇంకెవరు రాస్తారు?

శుక్రవారం నుంచి దీనితోనే నా కుస్తీ. విండో పట్టుకుని లాగితే తెగిపోయిన గాలిపటంలా వెనకెనకే వస్తుంది. వీడియో పెడితే ఫ్యాను హోరు, ప్రాసెసర్ కోర్లన్నీ తొంభై శాతం మీదే. కంప్యూటర్‌లో ఏ కార్డులున్నాయో చూపే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌ని అడిగితే కార్డుకి సరైన డ్రైవరే తగులుకుని ఉంది. లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ లాగ్‌లో ఎర్రటి అక్షరం ఒక్కటి లేదు. గ్లెక్స్‌ఇన్ఫో అనే కమాండ్‌ని మాత్రం గీసేదెవరు అని అడిగితే ఎల్‌ఎల్‌వీఎమ్‌పైప్ అంటుంది. అంటే కార్డు కాలు మీద కాలేసుకుని కూర్చుంటే, పాపం ప్రాసెసర్ దాని చాకిరీ కూడా చేస్తోంది.

శుక్రవారం రాత్రి పాత డిస్ట్రో (లైనక్స్ రకం) తీసేసి డెబియన్ అనేదాన్ని వేశాను. కార్డు పనిచెయ్యడానికి కావలసిన ఫర్మ్‌వేర్ లేదేమోనన్న అనుమానానికి కూడా చోటు లేదు. 2022లో ఓటింగ్ పెట్టుకుని, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి నాన్‌ఫ్రీ ఫర్మ్‌వేర్‌ని ఇన్‌స్టాలర్‌లోనే ఇచ్చేస్తున్నారు వాళ్ళు. అయినా అదే ఎల్‌ఎల్‌వీఎమ్‌పైప్. శనివారం ఇంకో డిస్ట్రో, ఫెడోరా. ప్యాకేజీ పేర్లు ఇక్కడ వేరు, వేళ్ళేమో అలవాటుగా డెబియన్ ఇన్‌స్టాల్ కమాండ్ ఆప్ట్ అనే కొట్టేస్తాయి. గ్లెక్స్‌ఇన్ఫో కావాలంటే డెబియన్‌లో మీసా యుటిల్స్, ఇక్కడ జీఎల్‌ఎక్స్ యుటిల్స్. వెతుక్కుని వేసుకుంటే అది మళ్ళీ అదే పేరు చెప్పింది.

పెన్‌డ్రైవ్ మీంచి లైవ్‌గా నడిపితే మాత్రం వెన్నలా ఉంటోంది. అప్పుడైనా బుర్ర వెలగాలా? వెలగలేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఏదో పాడవుతోందని తీర్మానించుకున్నాను. నేనెప్పుడూ హోమ్‌ని వేరే పార్టిషన్‌లో ఉంచుతానని మీకు తెలుసు, ఎన్ని డిస్ట్రోలు మార్చినా నా సామాను కదలదని మీ అందరికీ నీతులు చెప్పినదాన్ని. కదలని సామానులో ఇదీ ఉంది మరి.

నిద్ర పట్టనివ్వంది ఇది కూడా కాదు. శుక్రవారం సాయంత్రమే చిన్నాడు వచ్చి, “అమ్మా, నా లాగిన్‌లో బానే ఉందిగా” అన్నాడు. “నీ ఆటలు తేలికవిలే నాన్నా, వెళ్ళి చదువుకో” అన్నాను. వాడి ఫోల్డర్ వేరు, వాడి ప్రొఫైల్ వేరు, యూజర్ నంబర్లు నాది 1000, వాడిది 1001. పన్నెండేళ్ళవాడు జవాబు చేతిలో పెట్టి వెళ్తే నేను పెన్‌డ్రైవ్ కోసం సొరుగులు వెతుక్కున్నాను. ఇవాళ సాయంత్రం వాడు మళ్ళీ అదే మాట అన్నాడు, ఈసారి కొంచెం విసుగ్గా. అప్పుడు కొత్త యూజర్ ఒకటి సృష్టించి చూశాను. కార్డు పేరు ఠంచనుగా వచ్చింది. రెండు లాగిన్లలో వేరియబుల్స్ అన్నీ చూపే ఎన్వ్ కమాండ్ కొట్టి పక్కపక్కన పెట్టుకుంటే రెండు నిమిషాల పని.

ఈ మూడు రోజుల్లో సలహాలు ఇచ్చినవాళ్ళ మీద కూడా పీకలదాకా ఉంది. ‘మా దగ్గర బానే పనిచేస్తోందే’ అన్నది సలహానా? తెరమీద విండోలు చూపించే వేలాండ్ మానెయ్యి అని ఒకరు, వేలాండ్‌కే మారు అని ఇంకొకరు. మావారిది మరీ తేలిక, కొత్త కార్డు కొనుక్కో అని. నువ్వు చివరగా ఏం మార్చావు అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

అన్నయ్య అయితే అడిగేవాడు.

నేను మొదటిసారి లైనక్స్ పెట్టినప్పుడు గ్రాఫిక్స్ అంటే ఎక్స్‌ఆర్గ్ కాన్ఫ్ అనే ఫైలుని చేత్తో రాయడం. మానిటర్ వెంట వచ్చిన పుస్తకం తెరిచి, అడ్డం సింక్ ఎన్ని కిలోహెర్ట్జ్, నిలువు రిఫ్రెష్ ఎన్ని హెర్ట్జ్ అని చూసి నింపాలి. తప్పు అంకె ఇస్తే ఆ గాజుగొట్టం మానిటర్లు చెడిపోయే ప్రమాదం ఉందని హెచ్చరికలు ఉండేవి. నాకు చేతులు వణికేవి. ల్యాండ్‌లైన్‌లో అన్నయ్య అవతల నుంచి అంకెలు చదివేవాడు, నేను రిసీవర్ భుజానికి నొక్కుకుని టైపు చేసేదాన్ని. ఫైలు సేవ్ చేసేముందు ప్రతిసారీ ఒకటే ప్రశ్న: “నోట్‌బుక్‌లో రాశావా? తేదీ వేశావా?” రాసేదాన్ని, సణుక్కుంటూ. పదో పదకొండో ప్రయత్నానికి నల్లటి తెర పోయి, బూడిదరంగు చుక్కల మీద ఎక్స్ ఆకారపు కర్సర్ కనిపించింది. ఇంకేమీ లేదు, మెనూ లేదు, విండో లేదు, కర్సర్ ఒక్కటే. ఇద్దరం అరిచాం. 2009లో కెర్నెల్ 2.6.29తో మొదలుపెట్టి ఆ తెర సర్దుబాటు పనంతా కెర్నెలే నెత్తిన వేసుకోవడంతో ఆ ఫైలూ పోయింది, ఆ నోట్‌బుక్కూ పోయింది.

నోట్‌బుక్ ఉంటే ఈ మూడు రోజులూ మిగిలేవని రాయబోయాను. కాదు. కామెంటు రాసుకున్నానుగా! తేదీ లేకపోతేనేం, రాసైతే ఉంది. తెరిచి చూడనిదానికి నోట్‌బుక్ అయితే ఏంటి, ఫైలు అయితే ఏంటి?

ఇంకోటి. ఆ లైను ఎందుకు పెట్టానో ఇందాకే గుర్తొచ్చింది. రెండు నెలల క్రితం వీడియో కాల్ మధ్యలో తెర గడ్డకట్టుకుపోయేది, పని ఆగకూడదని పెట్టాను. ఇప్పుడు లైను తీసేసి రెండు గంటలుగా అన్నీ నడుపుతున్నాను, ఒక్కసారి కూడా గడ్డకట్టలేదు. కొత్త కెర్నెల్ పుణ్యమో, కొత్త మీసా పుణ్యమో. అంటే డిస్ట్రో మార్చడం దండగ అని నేను విసుక్కున్నది సగమే నిజం. పాతదాంట్లోనే అప్‌డేట్ వచ్చి బాగయ్యేదేమో కూడా. పాతది ఇప్పుడు లేదు, తేల్చుకోలేను. ఫెడోరాలోనే ఉంటాను, మళ్ళీ ఫార్మాట్ అంటే మావారు ఊరుకోరు.

చిన్నాడికి పొద్దున చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియట్లేదు. వాడు “నేను చెప్పానుగా” అని కూడా అనడు, అదే బాధ.

అన్నట్టు, ఆ లైను కింద ఇంకో లైను ఉంది. అది ఎందుకు పెట్టానో ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు. కామెంటు కూడా లేదు. తీసెయ్యకుండా, అది అమలవ్వకుండా ఆపే హ్యాష్ గుర్తు ముందు పెట్టి, పక్కన ఇవాళ్టి తేదీ వేశాను.