జేజూలో మేం తిన్న చేపలూ, చేసిన పొరపాట్లూ

మా బావకి భీమవరం పక్కన రొయ్యల చెరువులున్నాయి. అలాంటి మనిషిని సీఫుడ్ తినడానికి తీసుకెళ్ళడమంటే కంసాలిని బంగారం కొట్టుకి తీసుకెళ్ళినట్టే. ప్రతిదీ గీకి చూస్తారు.

నేను దక్షిణ కొరియాలో, సియోల్ దగ్గరున్న సువాన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. పోయిన అక్టోబరులో అక్కా బావా వస్తే సియోల్ రెండు రోజులు తిప్పి, మూడో రోజు జేజూ దీవికి బయల్దేరదీశాను. సియోల్‌లోని గింపో ఎయిర్‌పోర్టు నుంచి గంటా పది నిమిషాల ప్రయాణం. మన దగ్గర ఆర్టీసీ బస్సులున్నట్టు ఆ దారిలో విమానాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. దీవి మధ్యలో 1,947 మీటర్ల ఎత్తున హల్లాసాన్ అగ్నిపర్వతం, ఎటు చూసినా నల్లటి లావా రాళ్ళు పేర్చిన గోడలు, వాటి వెనక కమలా తోటలు. చూడాల్సినవి చాలా ఉన్నాయి గానీ, ఇక్కడ నేను చెప్పేది తిండి సంగతే.

మొదటి రాత్రే బోల్తా పడ్డాం. అద్దాలకి పెద్ద పెద్ద ఫొటోలు అంటించిన రెస్టారెంటు కనిపిస్తే ఆకలి మీద దూరిపోయాం. జేజూలో గల్చి అనే చేప ఫేమస్. అది చిన్నచిన్న ముక్కలుగా కాకుండా, బారెడు పొడవున్న పళ్ళెంలో తల నుంచి తోక దాకా ఒకే చేపగా, ఎర్రటి గ్రేవీలో కుతకుత ఉడుకుతూ వచ్చింది. అక్క ఫొటో తీస్తోంది. బావ వంగి చూశారు.

"ఇవి మన సావళ్ళేగా! వీటికింత హంగామా ఏంటయ్యా?"

నిజమే, ఆ జాతే. ఉప్పు చేపల సంతలో వెండి రిబ్బన్లలా వేలాడుతుంటాయే, అవి. పచ్చి చేప కాబట్టి కండ వెన్నలా విడిపోయింది. నాకైతే చేప కంటే దాని కింద ఉడికిన ముల్లంగి ముక్కలే నచ్చాయి. కారమంతా అవే పీల్చుకున్నాయి. బావ మాత్రం "పులుసంటావు, పులుపేదీ?" అని భోజనం అయ్యేదాకా అడుగుతూనే ఉన్నారు. బిల్లు లక్షా ఇరవై వేల వన్‌లు, మన డబ్బుల్లో సుమారు 7 వేలు. తప్పు వాళ్ళది కాదు, కూర్చునే ముందు ధర చూడనిది నేనే. మర్నాడు వెనక సందులో చూస్తే అదే చేప ముక్కల కూర అందులో సగం కంటే తక్కువకి ఉంది. ఇంకోటి, మెనూలో ధర ఉండాల్సిన చోట "సీగా" అని రాసి ఉంటే ఆ రోజు మార్కెట్ రేటు అని అర్థం. అడగకుండా తలూపొద్దు.

రెండో రోజు తూర్పు కొసన ఉన్న సొంగ్సాన్ ఇల్చుల్‌బాంగ్ అనే అగ్నిపర్వతపు కొండ ఎక్కాం. ఎత్తు 182 మీటర్లే, అయినా మెట్లకి అక్క మోకాళ్ళు మొరాయించాయి. దిగేసరికి మూడు దాటింది. కొరియాలో చాలా హోటళ్ళు మూడు నుంచి ఐదు దాకా బ్రేక్ టైమ్ అని బోర్డు తగిలించేస్తాయి. ఎక్కడికి వెళ్ళినా అదే బోర్డు. చివరికి కొండ కింద రాళ్ళ ఒడ్డున హేన్యోలు అమ్ముతున్న చోటికి చేరాం.

హేన్యోలంటే సముద్రంలో మునిగి నత్తలూ, ఆల్చిప్పలూ, అబలోన్ అనే ఒంటి చిప్ప సముద్రపు నత్తలూ ఏరుకొచ్చే ఆడవాళ్ళు. ఆక్సిజన్ సిలిండరు ఉండదు. ఊపిరి బిగబట్టి దిగడమే. పైకి తేలగానే ఈల వేసినట్టు ఊపిరి వదులుతారు, దాన్ని సుంబిసోరి అంటారు. ఈ హేన్యోల సంస్కృతిని 2016లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. ఇప్పుడు ఈ పనిలో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది అరవై దాటినవాళ్ళే. అమ్మాయిలు ఎందుకు రావడం లేదో ఆ చలి నీళ్ళు చూస్తే తెలిసిపోతుంది.

మాకు నత్తలు కోసిచ్చిన మామ్మకి డెబ్భై పైనే ఉంటాయి. నల్ల రబ్బరు సూటు ఇంకా ఆరలేదు. కత్తి మొనతో గుల్లలోంచి కండ ఒక్క మెలికలో లాగి, పలచగా తరిగి పళ్ళెంలో సర్దింది. ఆ వేళ్ళు నీళ్ళలో నాని ముడతలు పడి, గోళ్ళ చుట్టూ తెల్లగా పగుళ్ళు. బావ తన చేతులు చాపి చూపించారు. చెరువు గట్ల మీద ఆయనవీ అలాగే అయ్యాయి మరి. ఫోన్‌లో చెరువుల వీడియో కూడా చూపించారు. మామ్మ దీక్షగా చూసి ఏదో అంది. ట్రాన్స్‌లేషన్ యాప్‌లో పెడితే: "నీ సముద్రం నడుం లోతేనా?" బావకి రెండు రోజుల తర్వాత కూడా అదే గుర్తొచ్చి నవ్వు. పచ్చి నత్త ముక్క కరకరలాడుతూ, చివర్లో కాస్త చేదుగా ఉంటుంది. పుల్లటి కారం పచ్చడిలో ముంచుకోవాలి. పులుపు తగిలేసరికి ఆయన సణుగుడు ఆగింది. అక్కకి పచ్చివి వద్దంటే సాయంత్రం అబలోన్ గంజి ఇప్పించాం. దాని పేగులు కూడా వేసి కాస్తారు, అందుకే కాస్త ఆకుపచ్చగా ఉంటుంది. రంగు చూసి మొహం చిట్లించింది గానీ గిన్నె మాత్రం ఖాళీ చేసింది.

మూడో రాత్రి హేముల్ జొంగోల్, అంటే సీఫుడ్ హాట్‌పాట్. నేను ఈ ట్రిప్పులో ముందునుంచీ అనుకున్నది ఇదే. జొంగోల్ అంటే వంటింట్లో వండి తెచ్చేది కాదు. వెడల్పాటి మూకుడులో అన్నీ పేర్చి, మన టేబుల్ మీదున్న పొయ్యి వెలిగించి వెళ్తారు. చిన్నది, మధ్యది, పెద్దది అని సైజుల్లో ఉంటుంది. ఒక్కరే వెళ్తే చాలాచోట్ల ఇవ్వరు, కనీసం ఇద్దరుండాలి. జేజూ సిటీలో తోంగ్మున్ మార్కెట్ తిరిగి, నడుచుకుంటూ తాప్‌డాంగ్ సముద్రపు గట్టు వైపు వెళ్ళి, ఈసారి ఫొటోలు లేని, లోపల స్థానికులే కూర్చున్న ఒక చిన్న హోటల్ పట్టుకున్నాం.

మూకుడు వచ్చింది. అడుగున ముల్లంగీ సోయా మొలకలూ, పైన పీత, గుల్లలు, రొయ్యలు, ఒక మొత్తం ఆక్టోపస్, అంచు చుట్టూ గుల్లలతో సహా అబలోన్‌లు. మంట పెట్టిన రెండు నిమిషాలకి ఒక అబలోన్ మెల్లగా పక్కకి ఒరిగింది. తర్వాత రెండోది. అక్క చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని "కదుల్తోందిరా!" అంది. బావ రొయ్యని చాప్‌స్టిక్‌తో తిప్పి, "వనామీ. కౌంటు ముప్పై ఉంటుంది" అని తేల్చారు. వనామీ అంటే చెరువుల్లో పెంచే రొయ్య రకం, కౌంటంటే కిలోకి తూగే రొయ్యల లెక్క. ప్రపంచంలో ఎక్కడికెళ్ళినా ఆయన చెరువు ఆయన వెంటే వస్తుంది.

హోటలామె కత్తెరా పట్టకారూ తెచ్చి ఆక్టోపస్ కాళ్ళు కచకచా కత్తిరించి, "ముందు ఇది తినండి, ఆగితే రబ్బరైపోతుంది" అని సైగ చేసింది. అలాంటి ఆవిడని ఇక్కడ "ఇమో" అని పిలుస్తారు. ఇమో అంటే పిన్ని. ఆ మాట చెప్పగానే అక్క కిమ్చి అయిపోయిన ప్రతిసారీ ధైర్యంగా "ఇమో!" అని కేకేసింది. కిమ్చీ, మిగతా పక్క కూరలూ ఎన్నిసార్లడిగినా డబ్బు తీసుకోరు. టిప్పు కూడా ఇవ్వక్కర్లేదు.

రసం మొదట చప్పగా ఉంది. పావుగంటకి పీతలోంచి, గుల్లల్లోంచి దిగిన సారంతా కలిసి చిక్కబడింది. బావ పులుపు ఊసెత్తలేదు. అక్క మాత్రం ఆక్టోపస్ జోలికి వెళ్ళకుండా రొయ్యలతో సరిపెట్టుకుంది.

అంతా అయ్యాక లేవకూడదు. అడుగున కాస్త రసం మిగిలినప్పుడు "పొక్కుంబాప్" అనాలి. ఇమో వచ్చి అన్నం, సముద్రపు నాచు, నువ్వుల నూనె వేసి, ఆ రసంలోనే కలిపి మూకుడంతా పలచగా పరిచి, మంట తగ్గించి వెళ్ళిపోయింది. అయిదు నిమిషాలకి చిటపటలాడి అడుగంటిన వాసన వచ్చింది. నేనూ బావా బిల్లు కట్టి వచ్చేసరికి అక్క చెంచాతో మూకుడు అంచులు గోకుతోంది. ఆ మాడులో ఆక్టోపస్ ముక్కలున్నాయని నేను చెప్పలేదు.