పది అడుగులు, ఇరవై కిలోమీటర్లు

ఆదివారం, బరంపురం (ఒడిశా)

మా అన్నయ్య కూతురు స్వాతికి నిద్ర ఇంకా ఇక్కడి టైముకి రాలేదు. అర్ధరాత్రి రెండింటికే లేచి హాల్లో కూర్చుంటోంది. అందుకని ఈరోజు తెల్లవారుజామున ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగకి వెళదామంటే బతిమాలాల్సిన పని లేకపోయింది. మూడున్నరకల్లా ఈయన కారు తీశారు. ఫ్లాస్కులో టీ, సంచిలో రెండు తువ్వాళ్లు, అంతే.

ఫిబ్రవరిలో తాబేళ్లు గుడ్లు పెట్టి వెళ్లిన దగ్గర్నుంచీ నేను రోజులు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. నలభై అయిదు నుంచి యాభై అయిదు రోజులకి పిల్లలు బయటికొస్తాయి. అంటే చైత్రంలో అన్నమాట. ఇదే నది ఒడ్డున, పైన తారాతారిణి కొండకి మంగళవారాలు జనం విరగబడే రోజులు. నది ఎగువన ఆ జాతర, దిగువన ఈ పుట్టుకలు. ఈ నెలలో ఋషికుల్య పేరు వింటేనే నాకు ఒంట్లో ఉత్సాహం వస్తుంది.

దారిలో స్వాతి తన హవాయి ట్రిప్ సంగతి చెప్పింది. పోయినేడు స్నేహితులతో మావీ దీవికి వెళ్లిందట. అక్కడ కటమరాన్ మీద సముద్రంలోకి తీసుకెళ్లి, తాబేళ్లుండే చోట నీళ్లలో దింపుతారు. రెండు పొడుగాటి డొప్పల్ని పక్కపక్కన పెట్టి పైన బల్ల పరిచిన పడవ అది. ముందు భాగంలో ఆ రెంటి మధ్యా గట్టి వల కట్టి ఉంటుంది. దానిమీద బోర్లా పడుకుంటే కింద నీళ్లు పరిగెడుతుంటాయట, తుంపర్లు ముఖాన పడతాయట. రెండు డొప్పలు ఎడంగా ఉండటం వల్ల మామూలు పడవంత ఊగదు, కడుపులో తిప్పదు.

"దిగేముందు పడవ వాళ్లు అందర్నీ కూర్చోబెట్టి చెప్పారత్తా. తాబేలుకి పది అడుగుల కన్నా దగ్గరికి వెళ్లకూడదు, ముట్టుకోకూడదు, ఊపిరి కోసం పైకొచ్చేటప్పుడు దాని దారికి అడ్డం పడకూడదు. సన్‌స్క్రీన్ కూడా ఏది పడితే అది రాసుకోనివ్వరు."

పగడాలకి చేటు చేసే రెండు రసాయనాలున్న క్రీములు అమ్మడం హవాయిలో 2021 జనవరి నుంచి నిషేధమట. ఒక రాష్ట్రం ఒంటికి రాసుకునే క్రీము దాకా ఆలోచించిందంటే నాకు నిజంగా సంతోషం వేసింది.

కళ్లకి అద్దం, నోట్లో గొట్టం, కాళ్లకి రబ్బరు రెక్కలు. ముఖం నీళ్లలో పెట్టగానే తన ఊపిరి చప్పుడు తనకే పెద్దగా వినిపించి మొదట బాగా టెన్షన్ పడిందట. కాసేపటికి సర్దుకుంది. అప్పుడు కింద రాతి మీద ఒక పచ్చ తాబేలు కనిపించింది. కదలకుండా ఉంది. చుట్టూ పసుపు రంగు చేపలు చేరి దాని డిప్ప మీద పాచిని కొరుక్కుతింటున్నాయి. తాబేలు మెడ చాపి, ఇంకాస్త తినమన్నట్టు ఊరుకుందట. కొంతసేపయ్యాక అది పైకి లేచి, స్వాతికి అల్లంత దూరంలో తల బయటపెట్టి ఊపిరి పీల్చుకుని మళ్లీ దిగిపోయింది. "దాని ఊపిరి చప్పుడు కూడా విన్నానత్తా" అంది. ఆ ఒక్క మాట చెప్పేటప్పుడు దాని గొంతు మారింది.

ఛత్రపురం దాటాక అడిగింది, "ఇక్కడ కూడా అలా దిగి చూడొచ్చా?"

కుదరదు. ఋషికుల్య దారింగ్‌బాడీ కొండల నుంచి నూట అరవై కిలోమీటర్లకి పైగా ప్రయాణం చేసి మట్టినంతా మోసుకొచ్చి ఇక్కడ సముద్రంలో కలుపుతుంది. మొగ దగ్గర నీళ్లలో చెయ్యి పెడితే వేళ్లు కనబడవు. పైగా కెరటం ఒడ్డు మీదే విరుచుకుపడుతుంది. మన ఆలివ్ రిడ్లే తాబేళ్ల పద్ధతి కూడా వేరు. రాళ్ల దగ్గర పాచి మేస్తూ కూర్చునేవి కావు. పీతలు, రొయ్యలు, జెల్లీ చేపలు తింటూ దూర సముద్రంలో తిరుగుతాయి. రెండడుగుల పైచిలుకు డిప్ప, నలభై కిలోల దాకా బరువు. నవంబరు నుంచి ఈ తీరానికి చేరి, జత కట్టి, దక్షిణపు గాలి తిరిగాక ఒక్కుమ్మడిగా ఒడ్డుకెక్కుతాయి. మనం పడవెక్కి వెతుక్కుంటూ వెళ్లక్కర్లేదు, అవే మన కాళ్ల దగ్గరికి వస్తాయి. ఆ మాట చెబుతుంటే నాకు గర్వంగా అనిపించింది.

గంజాం దాటి పొడంపేట వైపు తిరిగాం. మొగలి పొదల వాసన కారులోకి వచ్చింది. సరుగుడు తోట దగ్గర కారు ఆపేసి నడిచాం. మాకు చేపలు తెచ్చే ఆవిడ మావగారు అక్కడ మా కోసం నిలబడి ఉన్నాడు.

"దీపం ఆపీండమ్మా, పిల్లలు దారి తప్పీస్తాయి" అన్నాడు మొదటి మాటగా. స్వాతి ఫోన్ లైటు ఆపేసింది.

పిల్లలకి సముద్రం ఎక్కడుందో ఎవరూ చెప్పరు. రాత్రిపూట నేల కన్నా నీటి వైపు ఆకాశం తేటగా ఉంటుంది. ఆ వెలుగు వైపు పాకుతాయి. వెనక హైవే దీపాలో, ఊళ్లో వీధి దీపాలో ఇంకా వెలుగ్గా కనిపిస్తే అటు తిరుగుతాయి. అటు వెళ్లినవి తెల్లారేసరికి ఎండకో, కాకులకో, కుక్కలకో బలి. అందుకే ఈ రోజుల్లో చుట్టుపక్కల దీపాలు ఆపించడం, ఒడ్డు వెంట అడ్డంగా వల కట్టడం చేస్తారు. వల దాకా వచ్చి ఆగిపోయిన పిల్లల్ని ఊరి కుర్రాళ్లు, అటవీశాఖ మనుషులు బకెట్లలోకి ఎత్తి నీటి దగ్గర వదులుతారు. మేం వాళ్లనడిగి, వలకి ఇవతలే నిలబడ్డాం.

కాసేపు ఏమీ లేదు. చీకటి, కెరటాల హోరు. అప్పుడు పెద్దాయన చెయ్యి చాపి చూపించాడు. వలకి అవతల, మాకు నాలుగడుగుల్లో, ఇసుక ఒకచోట కాస్త కుంగింది. గుంటలోంచి ఒక ముక్కు బయటికొచ్చి ఆగిపోయింది. పైన ఇసుక వేడిగా ఉన్నంతసేపూ అవి అలాగే ఆగుతాయి. చల్లబడ్డాక గాని కదలవు. దాని పక్కన ఇంకో ముక్కు, ఇంకో ముక్కు. ఎవరు ముందు కదిలారో తెలియలేదు, పాలు పొంగినట్టు ఒక్కసారిగా గుంట నిండా పిల్లలు పైకొచ్చేశాయి. ఒకదాని మీంచి ఒకటి ఎక్కుతూ, దొర్లుతూ. నల్లటి బూడిద రంగు, నా బొటనవేలంత పొడవు. ఒక్కో గూట్లో నూరు, నూట ఇరవై గుడ్లుంటాయి. ఆ గుడ్ల మీద తల్లి కూర్చోదు. గొయ్యి తీసి, పెట్టి, కప్పి వెళ్లిపోతుంది. పొదిగేదంతా ఇసుక వేడే.

ఆ వేడే ఆడో మగో కూడా నిర్ణయిస్తుంది. ఇసుక ఎక్కువ వేడెక్కితే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు. ఏటేటా ఎండలు ఇలా ముదురుతుంటే మగవి తగ్గిపోతాయేమో అన్న బెంగ నాకు నిజంగా ఉంది. ఈ ఒడ్డున నిలబడితే అది పేపర్లో వార్తలా అనిపించదు. అరికాలికి తగులుతుంది.

బకెట్ పట్టుకున్న కుర్రాడు మా పక్కనుంచి వెళుతూ ఒక్క క్షణం ఆగాడు. అడుగున తడి ఇసుక, దాని మీద కిక్కిరిసిన పిల్లలు. ప్లాస్టిక్ గోడకి వాటి రెక్కలు గీసుకుంటున్న చప్పుడు, గరగరమని, ఆగకుండా. స్వాతి బకెట్ మీదకి వంగింది గాని చెయ్యి పెట్టలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. దానికి ఎవరూ చెప్పలేదు.

నీటికి కొంచెం ఇవతలే వాటిని వదిలారు, కాస్త దూరం తమంతట తాము నడవాలని. ఒకటి ఎవరిదో మడమ గుర్తులో పడింది. మనకది గుర్తే కాదు, దానికి గొయ్యి. ముందు రెక్కలు రెండూ అంచు మీద వేసింది, ఇసుక జారింది, వెల్లకిలా పడింది. మెడ వెనక్కి వాల్చి తలతో నేలని తన్ని తిరగబడింది. మళ్లీ ఎక్కింది. ఈసారి వెనక కాలు పట్టు దొరికింది. అంచు దాటి, ఆగకుండా, నురగ దాకా వెళ్లి కెరటంలో కలిసిపోయింది. వెయ్యి పిల్లల్లో పెద్దయ్యేది ఒకటో రెండో అంటారు. అదే ఆ ఒకటి కావాలని మనసారా కోరుకున్నాను.

వెలుగొచ్చాక ఒడ్డు వెంట నడిచాం. పాత పొడంపేట గోడలు ఇంకా కొన్ని నిలబడి ఉన్నాయి. సముద్రం కోసేస్తుంటే ఊరంతా లోపలికి తరలిపోయింది. ఆ గోడలకి కాస్త అవతల ఒక పెద్ద తాబేలు చచ్చిపడి ఉంది. కళ్లు ఉబ్బి, డిప్ప అంచు పగిలి. స్వాతి ఆగిపోయింది. మునిగి చచ్చిపోయిందన్నాడు పెద్దాయన.

"నీళ్లలో ఉండేది, నీళ్లలో ఎలా మునిగి చచ్చిపోయింది?" అని అడిగింది.

తాబేలుకి ఊపిరితిత్తులు. ఊపిరికి పైకి రావాలి, హవాయిలో తను చూసినట్టే. ట్రాలర్ అనే పెద్ద మర పడవ వల సముద్రం అడుగున ఈడ్చుకుంటూ గంటల తరబడి పోతుంది. అందులో చిక్కుకున్నది పైకి రాలేక ఉక్కిరిబిక్కిరై పోతుంది. వలకి ఇనుప ఊచల చట్రం కుట్టి, తాబేలు తగిలితే బయటికి పోయే దారి వదలవచ్చు. రొయ్యలు ఊచల మధ్యనుంచి లోపలికి పోతాయి, తాబేలు బయటపడుతుంది. ఆ దారిలో కొన్ని చేపలూ పోతాయని చాలామంది అది పెట్టుకోరు.

నవంబరు 1 నుంచి మే 31 దాకా ఈ మొగ చుట్టూ తీరం నుంచి ఇరవై కిలోమీటర్ల లోపల వేట నిషేధం. పెద్దాయన ఆ సంగతి చెప్పేటప్పుడు కోపంగా చెప్పలేదు, ఫిర్యాదులాగా కూడా చెప్పలేదు. ఏడు నెలలు. పెద్ద కొడుకు మంగుళూరు పడవల మీదకి పోయాడు, రెండోవాడు సూరత్‌లో మగ్గాల మీద. ప్రభుత్వం కొంత ఇస్తుంది, అది ఇంటికి చాలదు.

"మా అయ్య వల్లో తాబేలు పడితే దండం ఎట్టి ఒగ్గీసేవోడు. శ్రీకూర్మంలో ఉన్నది ఈయనే గదా. ఇప్పుడు ఆయన కోసం మేం ఒడ్డునుంటన్నాం" అన్నాడు.

నేను ఇంటికొచ్చినా ఈ మాటే పట్టుకుని ఉన్నాను. టికెట్ కొనుక్కుని వెళ్లినవాళ్లం గంటసేపు పది అడుగుల దూరం పాటిస్తాం. మంచిదే, పాటించాలి. ఆ పెద్దాయన ఏటా ఏడు నెలలు ఇరవై కిలోమీటర్లు పాటిస్తున్నాడు, అదీ తన కూడు ఉన్న చోటు నుంచి. 2025 ఫిబ్రవరిలో ఈ ఒడ్డుకి ఆరున్నర లక్షల పైన తాబేళ్లు వచ్చాయని అందరం ఫొటోలు పంచుకున్నాం. శాస్త్రవేత్తలు ఈ చోటుని 1994లో లోకానికి చూపించారని చదువుకున్నాం. ఆ లెక్కలో ఈ ఊళ్ల పస్తులు కూడా రాయాలి. తాబేళ్ల పేరు చెప్పి వచ్చే డబ్బులో మొదటి వాటా వీళ్లది కావాలి. నా వరకు నాకు ఇందులో రెండో అభిప్రాయం లేదు.

గంజాంలో ఉప్మా, ఘుగుని తిన్నాం. ఘుగుని బాగా కారంగా ఉంది, స్వాతి ఇంకో గిన్నె అడిగింది. తింటూ ఫోన్లో వెతికి ఒక సంగతి చదివి వినిపించింది. ఒడిశాలోనే ఉన్న గహీర్మఠ తీరంలో 2021లో రెక్కకి ట్యాగ్ వేసిన ఆడ తాబేలు ఒకటి 2025 జనవరిలో మహారాష్ట్రలో, రత్నగిరి జిల్లా గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ కనిపించిందట. రెండు చోట్లకీ మధ్య సముద్ర మార్గం మూడున్నర వేల కిలోమీటర్లు. తూర్పు తీరానివి తూర్పుకే వస్తాయని ఇన్నాళ్లూ అనుకుంటున్నాం. ఈయన కూడా చెంచా పక్కన పెట్టి మళ్లీ చదవమన్నారు.

తిరిగొచ్చే ముందు కొత్త ఊళ్లోకి వెళ్లి పెద్దాయన కోడలి దగ్గర ఎండు నెత్తళ్లు కొన్నాం. స్వాతి తన స్నేహితులు నలుగురు వచ్చే చలికాలం వస్తారని, లాడ్జిలో కాకుండా ఈ ఊళ్లోనే భోజనం పెట్టగలరా అని ఆవిడని అడిగింది. ముందురోజు కబురు చేస్తే చాలంది ఆవిడ. రేటు కూడా అక్కడే మాట్లాడుకున్నారు. స్వాతి బేరమాడలేదు.

రాత్రి అన్నయ్య ఫోన్ చేస్తే తండ్రీకూతుళ్లిద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. ఈసారి తల్లులు వచ్చే రాత్రి చూడాలట, ఫిబ్రవరిలో సెలవు పెడుతుందట, ఏ తారీకుకి టికెట్ తీసుకోమంటావత్తా అని అడిగింది. తారీకు ఎవరూ చెప్పలేరన్నాను. ఫిబ్రవరిలో రావొచ్చు, మార్చిలో రావొచ్చు, కొన్నేళ్లు ఇక్కడికి గుంపుగా రానేరావు. దక్షిణపు గాలి గట్టిగా పడితే పెద్దాయన కోడలు నాకు ఫోన్ చేస్తుంది, నేను నీకు చేస్తాను, అప్పుడు బయల్దేరమన్నాను. అంత దూరం నుంచి అలా ఎలా కుదురుతుందని అన్నయ్య అవతలనుంచి అంటున్నాడు. స్వాతి మాత్రం నెల మొత్తం ఇక్కడినుంచే పని చేసుకునే వీలుందేమో ఆఫీసులో కనుక్కుంటానంది.